వెంట ఎవరూ లేని రోజు

న్యూరాలజీ ఓపీలో పేరు పిలవగానే లేచేవాళ్ళలో చాలామంది వెనక ఇంకో మనిషి ఉంటారు. ఫైలు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. టోకెన్ తీసుకున్నదీ, బిల్లు కట్టిందీ, డాక్టరు చెప్పింది గుర్తుపెట్టుకుని మందుల షాపు వైపు నడిచేదీ వాళ్ళే. మన ఆసుపత్రులు ఈ మనిషిని లెక్కలో వేసుకునే నడుస్తాయి. "పేషెంట్ తాలూకు ఎవరు?" అన్న కేక వినబడని వరండా ఉండదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో ఒంటరిగా బతికే మనిషికైతే, ఆ కేకకు లేచి నిలబడాల్సింది కూడా తనే.

ఎమ్మెస్ అని పిలిచే ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ మెదడు, వెన్నుపాము, కంటి నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర మీదే దాడి చేస్తుంది. దెబ్బ ఎక్కడ తగిలితే అక్కడి పని కుంటుపడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు కావాలి, కళ్ళు కావాలి, విన్నది గుర్తుండాలి, మూత్రం ఆపుకోగలగాలి, మూడు నాలుగు గంటలు కూర్చునే ఓపిక ఉండాలి. వీటిలో ఏదైనా సరిగ్గా ఆ రోజే మొండికేయొచ్చు. ఎమ్మెస్ ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ లోపు బయటపడుతుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఉద్యోగం కోసం ఊరు వదిలి వచ్చి గదిలో ఒక్కరే ఉంటున్నవాళ్ళు, పెళ్ళి చేసుకోనివాళ్ళు, చేసుకున్నా విడిపోయినవాళ్ళు, తోడబుట్టినవాళ్ళంతా విదేశాల్లో ఉన్నవాళ్ళు ఈ జబ్బున్నవాళ్ళలో కనిపిస్తూనే ఉంటారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒకటే. వెంట వచ్చే మనిషి చేసేది నిజానికి ఐదారు చిన్న పనులు. వాటిని విడదీస్తే కొన్నిటిని కాగితానికి, కొన్నిటిని ఫోనుకు, కొన్నిటిని ఆసుపత్రి సిబ్బందికి, ఒకటి రెండు పొరుగువాళ్ళకు అప్పగించొచ్చు. చివరికి మీకు మిగిలేది మీరు మాత్రమే చేయగల పని: మీ ఒంట్లో ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చెప్పడం.

మీ జబ్బుకు సాక్షి మీరొక్కరే

డాక్టరు మిమ్మల్ని చూసేది కొద్ది నిమిషాలు. రెండు అపాయింట్‌మెంట్ల మధ్య నెలలు గడుస్తాయి. ఇంట్లో ఇంకొకరు ఉంటే "ఈ మధ్య గోడ పట్టుకుని నడుస్తోందండీ", "చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడండీ" అని డాక్టరు ముందు పెట్టేవాళ్ళు. ఒక్కరే ఉండే ఇంట్లో ఆ మార్పు ఎవరి కంటా పడదు. మెల్లగా వచ్చిన మార్పుకు మనమూ మెల్లగా సర్దుకుపోతాం. స్నానాల గదిలో స్టూలు వేసుకుంటాం. మేడ మీద బట్టలు ఆరేయడం మానేసి బాల్కనీలో తాడు కట్టుకుంటాం. తీరా డాక్టరు అడిగితే "బాగానే ఉన్నానండీ" అంటాం. ఎమ్మెస్ వచ్చి తగ్గే దశ నుంచి నెమ్మదిగా ముదిరే దశకు జరుగుతోందా అన్నది ఒక్క ఎంఆర్ఐ చూసి తేల్చలేరు. దానికి ఆ స్టూలు సంగతి, ఆ తాడు సంగతి తెలియాలి. కాబట్టి రాసుకోండి. రాయాల్సినవి రెండు రకాలు.

మొదటిది దాడులు, అంటే రిలాప్స్‌లు. కొత్త లక్షణం వచ్చినా, పాతది ముదిరినా, అది కనీసం 24 గంటలు ఉండి, జ్వరమో ఇన్ఫెక్షనో కారణం కాకుండా ఉంటే, అంతకుముందు దాడి మొదలై 30 రోజులైనా గడిచి ఉంటే డాక్టర్లు దాన్ని కొత్త దాడిగా లెక్కేస్తారు. అందుకని తిమ్మిరి వచ్చిన రోజే నాలుగు మాటలు రాయండి: ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎంతసేపు ఉంది, ఆ రోజుల్లో జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఎండదెబ్బ గానీ ఉన్నాయా.

ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఒళ్ళు శ్రమపడితే చూపు మసకబారడం, విశ్రాంతితో తిరిగి రావడం గురించి జర్మన్ కంటి వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే రాశాడు. ఒళ్ళు వేడెక్కితే వచ్చే ఆ లక్షణాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మన మే నెల ఎండల్లో ఇది ఎమ్మెస్ ఉన్నవాళ్ళకు కొత్త కాదు. అది కొత్త దెబ్బ కాదు, చల్లబడితే సర్దుకుంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పాత లక్షణాలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఇన్ఫెక్షన్‌కు కావాల్సింది యాంటీబయాటిక్. నిజమైన దాడి తీవ్రంగా ఉంటే సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు నరంలోకి ఎక్కిస్తారు. రెండిటి మధ్య తేడా తేల్చడానికి డాక్టరుకు మీ నాలుగు మాటలు అక్కరకొస్తాయి.

రెండోది, మెల్లగా మారేవి: నడక, చేతి పని, చూపు, మూత్రం, జ్ఞాపకం. ఎమ్మెస్ తీవ్రతను కొలవడానికి న్యూరాలజిస్టులు వాడే కర్ట్జ్‌కే స్కేలు 0 నుంచి 10 దాకా ఉంటుంది. 4 దాటాక అది ఎక్కువగా నడిచే దూరం మీదే ఆధారపడుతుంది. ఏ ఆసరా లేకుండా ఆగకుండా 500 మీటర్లు నడవగలరా, కర్ర పట్టుకుంటేనే 100 మీటర్లు వెళ్ళగలరా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. "కాస్త దూరం నడుస్తానండీ" అంటే డాక్టరు చేతికేమీ చిక్కదు. మీకు తెలిసిన దూరమొకటి పెట్టుకోండి. కాలనీ గేటు నుంచి పాల బూత్ దాకా ఎన్ని మీటర్లో ఫోన్ మ్యాపులో ఒకసారి చూసుకుంటే చాలు. ఆ దారిలో ఎక్కడ ఆగాల్సి వస్తోందో నెలకోసారి రాసుకోండి.

ఇంకో పని ఫోను చేస్తుంది. హాల్లో ఒక అలమర మీద ఫోను నిలబెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, వెనక్కి తిరిగి వస్తూ వీడియో తీసుకోండి. మూడు నెలలకోసారి అదే చోట, అదే చెప్పులతో తీస్తే చాలు. ఇంట్లో ఇంకో మనిషి కన్ను లేని లోటును ఈ వీడియోలు చాలావరకు తీరుస్తాయి.

ఒకే ఒక్క పేజీ

డైరీ మీ కోసం. డాక్టరు కోసం దాన్నుంచి ఒక్క పేజీ తయారు చేయాలి. రెండో పేజీ చదివే తీరిక ఓపీలో దొరకదు. నమూనాగా ఒకటి ఇక్కడ ఇస్తున్నాను. వివరాలు మీవి పెట్టుకోండి, వరస మాత్రం ఇలాగే ఉంచండి.

*నేను ఒంటరిగా ఉంటున్నాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు.*

*జబ్బు: రిలాప్సింగ్ రెమిటింగ్ ఎమ్మెస్, 2019లో నిర్ధారించారు. మొదటి లక్షణం కుడి కన్ను మసకబారడం.*

*మందు: డైమిథైల్ ఫ్యూమరేట్ 240 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, 2021 నుంచి. వారానికి ఒకటి రెండు సార్లు రాత్రి మాత్ర మర్చిపోతున్నాను. వేసుకున్నాక ఒళ్ళు మంటలెక్కుతోంది.*

*ఇతర మందులు: థైరాయిడ్ మాత్ర, విటమిన్ డి. గత నెల నుంచి ఆయుర్వేద లేహ్యం ఒకటి.*

*పోయినసారి వచ్చాక జరిగింది: ఫిబ్రవరి 11 నుంచి తొమ్మిది రోజులు ఎడమ పాదం నుంచి మోకాలి దాకా తిమ్మిరి. జ్వరం లేదు. ఆఫీసుకు వెళ్ళాను, మెట్లు కష్టమయ్యాయి.*

*మెల్లగా మారింది: పాల బూత్ దాకా, సుమారు 400 మీటర్లు, ఆగకుండా వెళ్ళేదాన్ని. ఇప్పుడు సగంలో ఒకసారి ఆగుతున్నాను.*

*పడిపోవడం: రెండుసార్లు, రెండూ స్నానాల గదిలో.*

*మూత్రం: రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను. రెండుసార్లు బాత్‌రూమ్ చేరేలోపే అయిపోయింది.*

*మనసు: రెండు నెలలుగా ఏ పని మీదా ఆసక్తి లేదు.*

*ఈ రోజు అడగాల్సినవి: ఒకటి, ఫిబ్రవరిది దాడేనా? రెండు, ఈ మందు పనిచేస్తోందా, మార్చాలా? మూడు, మూత్రం ఇబ్బందికి ఏం చేయాలి?*

ఈ పేజీ రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి డాక్టరు ఫైల్లో ఉంటుంది, ఇంకోటి మీ చేతిలో. మాత్ర మర్చిపోతున్న సంగతి దాచొద్దు. సరిగ్గా వేసుకోని మందును "పనిచేయని మందు" అనుకుని ఇంకా బలమైన దానికి మార్చే ప్రమాదం ఉంది. లేహ్యం సంగతీ అంతే. అందులో ఏముందో డాక్టరుకు తెలిస్తే కాలేయ పరీక్షలో అంకె పెరిగినప్పుడు కారణం వెతకడం సులువవుతుంది.

ఈ పేజీతో పాటు పాత ఎంఆర్ఐల సీడీలు తేదీల వరసలో పెట్టుకోండి. కొత్త మచ్చలొచ్చాయా అన్నది పాత బొమ్మ పక్కన పెడితేనే తెలుస్తుంది కాబట్టి రాసిచ్చిన రిపోర్టు ఒక్కటీ చాలదు. పాత ఆసుపత్రి నుంచి రికార్డులు రావాల్సి ఉంటే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది.

ఎవరి ముందూ చెప్పలేనివి

ఒంటరిగా వెళ్ళడంలో ఒక మేలుంది. ఆ గదిలో మీరూ డాక్టరూ తప్ప ఎవరూ ఉండరు. అత్తగారి ముందో నాన్నగారి ముందో నోరు పెగలని మాటలు అక్కడ చెప్పొచ్చు. మూత్రం ఆగకపోవడం, మలబద్ధకం, దాంపత్య సుఖంలో తేడా, కారణం లేకుండా ఏడుపు రావడం, తెలిసిన పేరు నాలుక మీదికి రాకపోవడం, బతకాలని అనిపించకపోవడం. ఇవన్నీ ఎమ్మెస్‌లో వచ్చేవే. చాలావాటికి మందో, వ్యాయామమో, కౌన్సెలింగో ఉంది. మీ గుణంలో లోపం వల్ల ఇవి రాలేదు. నరాల మీద పడిన దెబ్బ వీటికి మూలం కావొచ్చు. నోటితో చెప్పడం కష్టమైతే కాగితంలో ఆ వాక్యం కింద గీత గీసి, "ఇది కూడా చూడండి" అని వేలితో చూపించండి చాలు.

పిల్లల్ని కనాలన్న ఆలోచన ఉంటే, ఇప్పుడే కాకపోయినా, మందు మొదలుపెట్టకముందే చెప్పండి. టెరిఫ్లునమైడ్ లాంటి కొన్ని మందులు గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు.

ఒంటరిగా ఉంటున్న సంగతి డాక్టరుకు తెలియాలి

నమూనా పేజీలో మొదటి వాక్యం అదే ఎందుకంటే చికిత్సను ఎంచుకోవడంలో దానికి పాత్ర ఉంది. ఫింగోలిమోడ్ మొదటి మాత్ర వేసుకున్న రోజు గుండె వేగం తగ్గే అవకాశం ఉంది కాబట్టి 6 గంటలు ఆసుపత్రిలో ఉంచి చూస్తారు. ఆక్రెలిజుమాబ్ ఆరు నెలలకోసారి సెలైన్ బాటిల్‌లా ఎక్కిస్తారు, ముందు ఇచ్చే అలర్జీ మందుతో మగత వస్తుంది. సొంతంగా పొడుచుకునే ఇంజెక్షన్లకు చేతి వేళ్ళు స్థిరంగా ఉండాలి. రోజూ మాత్ర మింగాలంటే గుర్తుండాలి. మీ ఇల్లు, మీ చేతులు, మీ జ్ఞాపకం ఎలాంటివో తెలిస్తే డాక్టరు వాటికి సరిపోయే దారి చూస్తారు.

డబ్బు సంగతీ అప్పుడే చెప్పండి. నెలకు ఎంత పెట్టగలరో, బీమా ఉందో లేదో, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉన్నారో చెబితే జెనరిక్ ఉన్న మందు గురించో, బీమా కంపెనీకి ఇవ్వాల్సిన లెటరు గురించో మాట్లాడే వీలుంటుంది. డబ్బు లేదని చెప్పలేక మందు మధ్యలో ఆపేయడం మాత్రం వద్దు. ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటివి ఉన్నపళంగా ఆపితే జబ్బు మునుపటికంటే ఉధృతంగా తిరగబడొచ్చు.

కొన్ని రోజులకు మాత్రం మనిషి తోడు కావాల్సిందే. మత్తు ఇచ్చి చేసే ఎంఆర్ఐ, వెన్ను నుంచి నీరు తీసే పరీక్ష, కంటి చుక్కలు వేసి పాప పెద్దది చేసే పరీక్ష, నరంలోకి ఎక్కించే మందు మొదటి డోసు. ఈ రోజుల్లో ఇంటికి మీ అంతట మీరు వెళ్ళలేరనే అనుకోండి. తేదీ ఖాయం చేసుకునే ముందే మనిషిని ఖాయం చేసుకోండి. మీకున్న కొద్దిమంది సాయాన్ని మామూలు ఓపీ రోజుల్లో ఖర్చు చేయకుండా ఇలాంటి రోజుల కోసం దాచుకోవడం తెలివైన పని.

ఓపికను ముందే పంచుకోవాలి

ఎమ్మెస్ అలసట నిద్రపోతే తీరేది కాదు. ముందురోజు ఇల్లు శుభ్రం చేయడం, వంట ఎక్కువగా పెట్టుకోవడం మానండి. ఫైలు, ఆధార్, బీమా కార్డు, ఛార్జరు, నీళ్ళ సీసా, ఒక జత లోదుస్తులు, చిన్న తువ్వాలు సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ వీలైనంతవరకు ఉదయానిది అడగండి. ఎండాకాలం అయితే తప్పనిసరిగా అడగండి. దారిలో మెడ మీద తడి తువ్వాలు వేసుకుంటే వేడికి లక్షణాలు పెరగడం తగ్గుతుంది. ఏసీ క్యాబ్‌కు పెట్టే డబ్బును దుబారా అనుకోవద్దు. ఎండలో ఆటోలో వెళ్ళి కళ్ళు మసకబారి డాక్టరు ముందు కూర్చుంటే, ఆ పరీక్షలో మీ అసలు స్థితి కనిపించదు.

శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో హైదరాబాద్ వచ్చేవాళ్ళు రాత్రి బస్సు దిగి నేరుగా ఓపీకి వెళ్ళే అలవాటు మానుకుంటే మంచిది. వీలైతే ఒక రోజు ముందే చేరుకోండి. రక్తపరీక్ష, ఎంఆర్ఐ, డాక్టరు అన్నీ ఒకే రోజున పెట్టుకోవాల్సి వస్తే మధ్యలో తినడానికీ నడుం వాల్చడానికీ గంట ఖాళీ ఉంచుకోండి.

మూత్రం భయంతో పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళు చాలామంది. దానివల్ల ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, అలసట హెచ్చుతుంది. కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట కనుక్కోవాల్సింది టాయిలెట్ ఎక్కడుందన్నది. దానికి దగ్గరగా, నడవ పక్కన కుర్చీలో కూర్చోండి.

గేటు దగ్గర వీల్‌చైర్ ఉంటే అడిగి ఎక్కండి. నడవగలిగినవాళ్ళు కూడా. పొడవాటి వరండాల్లో కాళ్ళు ఖర్చు చేసుకుంటే, డాక్టరు నడిచి చూపించమన్నప్పుడు మిగలవు. తోసే వార్డుబాయ్‌కి "అన్నా, నాతో ఎవరూ రాలేదు, బిల్లింగ్ దగ్గర కాసేపు ఆగి, న్యూరో ఓపీ దాకా దింపుతావా?" అని ముందే చెప్పండి. అతను వెళ్ళిపోయాక వెతుక్కోవడం కంటే ముందు చెప్పడం సులువు.

చట్టం మీ వెంట ఉంది

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఆ జాబితాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి ఉంది. అదే చట్టం 25వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో అడ్డంకులు లేని దారి ఉండాలనీ, వైద్యంలో దివ్యాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలనీ అంటోంది. మెడికల్ బోర్డు పరీక్ష తర్వాత వచ్చే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఉంటే కౌంటర్లో ప్రతిసారీ కథంతా చెప్పనక్కర్లేదు. పైకి మామూలుగా కనబడే జబ్బు కాబట్టి ఈ కార్డు మనకు ఇంకా అవసరం. చాలా పథకాలకు 40 శాతం వైకల్యం గీటురాయి. దరఖాస్తుకు కావాల్సిన కాగితాల గురించి ఈసారి డాక్టరునే అడగండి.

కార్డు లేకపోయినా కౌంటర్లో మాట్లాడొచ్చు. "అమ్మా, నాకు నరాల జబ్బు ఉంది, ఎక్కువసేపు నిలబడితే పడిపోతాను, వెంట ఎవరూ లేరు. ఆ కుర్చీలో కూర్చుంటాను, నా నంబరు రాగానే చెయ్యి ఊపుతారా?" ఇలా చేయగలిగిన చిన్న పనిని స్పష్టంగా అడిగితే చాలామంది చేస్తారు.

గదిలో

"చెప్పండమ్మా, ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.

"మూడు విషయాలున్నాయి సార్. ఫిబ్రవరిలో ఎడమ కాలికి తొమ్మిది రోజులు తిమ్మిరి వచ్చింది. నడిచే దూరం తగ్గింది. మూత్రం ఇబ్బంది పెరిగింది. వివరాలు ఈ కాగితంలో ఉన్నాయి. నేను ఒక్కదాన్నే వచ్చాను, మీరు చెప్పేది గుర్తుండటానికి ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా?"

అనుమతి అడిగాకే రికార్డు చేయండి. వద్దంటే రాసుకుంటానని చెప్పండి. విజయవాడలో ఉన్న అక్కనో, బెంగళూరులో ఉన్న స్నేహితుడినో ఆ పది నిమిషాలు స్పీకర్లో ఉంచడం ఇంకో దారి. వాళ్ళు వింటూ రాస్తారు. అమెరికాలో ఉన్న తమ్ముడైతే మన ఉదయం ఓపీ వేళకు అక్కడ అర్ధరాత్రి అవుతుంది, ముందే మాట్లాడుకోండి.

రోగ నిర్ధారణ కొత్తగా జరిగినవాళ్ళు ఒక ప్రశ్న తప్పక అడగాలి: "ఆక్వాపోరిన్-4, మోగ్ (MOG) యాంటీబాడీ పరీక్షలు నాకు అవసరమా, చేశారా?" ఎమ్మెస్‌లాగే కనిపించే ఇంకో రెండు జబ్బులను ఇవి విడదీస్తాయి. వాటిలో న్యూరోమైలైటిస్ ఆప్టికాకు కొన్ని ఎమ్మెస్ మందులు హాని చేస్తాయి.

లేచే ముందు, విన్నదాన్ని తిరిగి చెప్పండి. ఇది మొహమాటపడే పని కాదు.

"సార్, నాకు అర్థమైంది చెబుతాను. ఈ వారంలో రక్తపరీక్ష, అందులో లింఫోసైట్లు చూస్తారు. మూత్రం కల్చర్. కాంట్రాస్టుతో ఎంఆర్ఐ, దానికి ముందు క్రియాటినిన్. మాత్ర ఆపకూడదు. రిపోర్టులతో మూడు వారాలకు రావాలి. ఇంతేనా?"

"అవును. మాత్ర మాత్రం భోజనంతో వేసుకోండి. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ మంటలు ఎక్కువవుతాయి."

ఆ చివరి మాట తిరిగి చెప్పబట్టే వచ్చింది. ఇంకొక్క ప్రశ్న మిగిలింది: "రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?" నంబరు చీటీ మీదే రాయించుకోండి.

బయటికి వచ్చిన అరగంట

డాక్టరు గది నుంచి నేరుగా మందుల షాపుకు పరిగెత్తొద్దు. ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుని, విన్నదంతా మీ గొంతుతో ఫోన్లో రికార్డు చేసుకోండి. తర్వాత చీటీ చూడండి: మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళు, ఎప్పుడు రావాలి. చదవలేని అక్షరం ఉంటే నర్సును అక్కడే అడగండి. తర్వాతి తేదీ తీసుకున్నాకే ఆసుపత్రి వదలండి.

ఎంఆర్ఐలో కొత్త మచ్చలున్నాయనో, మందు మార్చాలనో చెప్పిన రోజు ఇంటికి వచ్చి తాళం తీస్తే లోపల ఎవరూ ఉండరు. అలాంటి రోజుకు ముందే ఒక పేరు అనుకుని ఉంచండి. సాయంత్రం ఫోన్ చేస్తానని వాళ్ళతో పొద్దున్నే చెప్పి వెళ్ళండి. ఆ రాత్రి ఉద్యోగం మానేయడం, ఇల్లు మారడం లాంటి నిర్ణయాలు తీసుకోవద్దు. గుబులు ఆగకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మర్నాడు వీలైతే సెలవు పెట్టుకోండి. ఆసుపత్రికి వెళ్ళొచ్చిన అలసట మర్నాడే బయటపడుతుంది.

మనుషుల్ని ఎలా అడగాలి

"ఏదైనా అవసరమైతే చెప్పు" అని చాలామంది అంటారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటారు, కానీ ఏం చేయాలో వాళ్ళకు తెలియదు. మీరు పని చెప్పండి, సమయం చెప్పండి, ఎప్పటికి అయిపోతుందో చెప్పండి. "అక్కా, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నా నుంచి ఫోన్ రాకపోతే నువ్వే చేస్తావా?" అంటే పక్కింటి అక్కకు అది రెండు నిమిషాల పని. "బాబాయ్, ఆ రోజు సాయంత్రానికి కాస్త పప్పు, అన్నం పంపిస్తారా?" అన్నా అంతే. ఒకరి మీదే అంతా వేస్తే వాళ్ళు అలసిపోతారు, మీకు అడగబుద్ధి కాదు. నలుగురికి నాలుగు చిన్న పనులు పంచితే అడగడం తేలికవుతుంది.

మీ జబ్బే ఉన్నవాళ్ళు ఇంకా దగ్గరవుతారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి పనిచేస్తోంది, హైదరాబాద్‌లోనూ దాని శాఖ ఉంది. ఏ ఆసుపత్రిలో ర్యాంపు బాగుందో, ఏ రోజు ఓపీలో రద్దీ తక్కువో అక్కడివాళ్ళకు అనుభవంతో తెలుసు. ఒకరి అపాయింట్‌మెంట్‌కు ఇంకొకరు ఫోన్లో తోడుగా ఉండే ఏర్పాటు మీరిద్దరు ముగ్గురు కలిసి చేసుకోవచ్చు.

ప్రతిసారీ వెళ్ళాల్సిన పనీ లేదు. 2020లో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియోలో డాక్టరును సంప్రదించొచ్చు. రిపోర్టు చూపించడానికీ, పాత మందు కొనసాగించడానికీ అది బాగానే సరిపోతుంది. కొత్త లక్షణం వచ్చినప్పుడు మాత్రం కంటి నరం, కాళ్ళ బలం, రిఫ్లెక్సులు చేత్తో చూడాలి కాబట్టి ఎదురుగా వెళ్ళాల్సిందే.

అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడనివి

చూపు ఉన్నట్టుండి పోవడం, రెండు కాళ్ళూ బలం కోల్పోవడం, మూత్రం అసలు రాకపోవడం, మింగడానికో ఊపిరి తీయడానికో కష్టమవడం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు మీద ఉండగా పెద్ద జ్వరం రావడం. వీటికి తేదీ చూసుకోవద్దు. మీ న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి, కదలలేకపోతే 108కి చేయండి. ఇంటి తాళం చెవి ఇంకొకటి నమ్మకమైన పొరుగింట్లో ఉంచండి. ఆ రోజు తలుపు తీయగలిగే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.

ఈ వారం చేయాల్సినవి

1. పాత రిపోర్టులు, సీడీలు తేదీల వరసలో సర్దండి. లేనివాటికి ఆసుపత్రికి ఉత్తరం రాయండి.

2. ఒక్క పేజీ మొదలుపెట్టండి. "ఒంటరిగా ఉంటున్నాను" అన్న వాక్యంతో మొదలుపెట్టి, అడగాల్సిన మూడు ప్రశ్నలతో ముగించండి.

3. నడక వీడియో మొదటిది ఈ రోజే తీయండి.

4. నలుగురి పేర్లు రాసి, ఒక్కొక్కరి పక్కన ఒక్కో పని రాయండి. అందులో ఒకరికి ఈ సాయంత్రమే ఫోన్ చేసి అడగండి.

5. యూడీఐడీ కార్డు లేకపోతే దరఖాస్తుకు ఏమేం కావాలో కనుక్కోండి.

ఇవన్నీ ఒకే రోజున చేయనక్కర్లేదు. రోజుకొకటి చేసినా వారం తిరిగేసరికి, వెంట ఒక మనిషి వచ్చి ఉంటే చేసిపెట్టే పనుల్లో సగానికి పైగా మీ చేతుల్లో ఉంటాయి. డాక్టరు ఇచ్చే ఆ కొద్ది నిమిషాలూ మీ జబ్బు గురించి మాట్లాడటానికే మిగులుతాయి. ఆ నిమిషాలు మీవి. పూర్తిగా వాడుకోండి.